గోడ వెంబడి గోలకొండ

గోలకొండకు పోయి వచ్చినవాళ్లలో గోడను చూసినవాళ్లు తక్కువ. గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, మెట్లెక్కి, పైన బారాదరిలో చెమట ఆరబెట్టుకుని, రామదాసు బందిఖానాలో కాసేపు నిలబడి దిగి వచ్చేస్తారు. ఇంతా చేసి వాళ్లు చూసింది బాలాహిస్సార్‌ను. అది కోట లోపలి కోట. ఊరంతటినీ చుట్టిన అసలు గోడను మాత్రం, లంగర్‌హౌజ్ దాటాక ఫతే దర్వాజా కింద నుంచి ఆటో దూరిపోతున్నప్పుడు, ఫోను చూసుకుంటూ దాటేసి ఉంటారు. కార్తీకంలో ఒక చల్లని పొద్దున బయల్దేరినప్పుడే కొండ ఎక్కేది లేదని నిశ్చయించుకున్నాను. గోడ పక్కనే నడవాలి. అది ఎటు తిరిగితే అటు.

మాది నవాబుపేట. జిల్లా వికారాబాద్, ఓటేమో చేవెళ్ల నియోజకవర్గానికి. 2016 దాకా రంగారెడ్డి జిల్లా. ఇల్లు కదలలేదు గానీ హద్దులు మా మీదుగా అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి. అందుకేనేమో హద్దుల మాట వస్తే మా వైపువాళ్లకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. పొలం గట్టు మీద తగాదా పడని కుటుంబం మా మండలంలో దొరకడం కష్టం. పాతరోజుల్లో హద్దంటే గట్టు, గట్టు మీద ఒక ఈతచెట్టు, మూలకు ఒక హద్దురాయి. కొంచెం కలిగినవాళ్లయితే రాతి కడీలు పాతి ముళ్లతీగ లాగేవాళ్లు. తాండూరు దగ్గర కాబట్టి ఇంటి చుట్టూ బండలను పరిచినట్టు కాక నిలువునా పాతి గోడ అనిపించుకున్నవాళ్లూ ఉన్నారు. సన్నటి నాపబండలు, పక్కపక్కన, పళ్లవరసలాగా. మేకలు రాకుండా ఆపడానికి అవి చాలు. మనుషులను ఆపాలన్న ఆలోచన అప్పుడు పెద్దగా లేదు.

ఇప్పుడు చేవెళ్ల దాకా వెళ్లే దారిలో రెండు వైపులా గోడలే. రీజినల్ రింగు రోడ్డు మాట వినబడ్డప్పటి నుంచి మరీ ఎక్కువయ్యాయి. మక్కచేను తర్వాత గోడ, కందిచేను తర్వాత గోడ. ఇవి కట్టిన గోడలు కావు, నిలబెట్టినవి. సిమెంటు స్తంభాలు పాతి, వాటికి ఉన్న గాడిలోకి పైనుంచి పలకలు జారవిడుస్తారు. క్రేను ఒకటి, మనుషులు నలుగురైదుగురు. పొద్దున మొదలుపెడితే చీకటి పడేలోపు ఎకరం చుట్టూ గోడ లేస్తుంది. లోపల ఏముందని తొంగి చూస్తే గడ్డి, రంగు వెలిసిన ప్లాటు రాళ్లు, ఎక్కడైనా ఒక బోరు పైపు. కాపాడుకోవలసిన మనిషి గానీ వస్తువు గానీ లేని గోడలు ఇన్ని కిలోమీటర్ల పొడుగున నేను మరెక్కడా చూడలేదు.

చేవెళ్ల తర్వాత మర్రిచెట్లు మొదలవుతాయి. బీజాపూర్ రోడ్డు అని మేము పిలుచుకునే ఈ దారికి ఇరుపక్కలా నిజాం కాలంలో నాటిన ఊడలమర్రులు. మన్నెగూడ నుంచి నగరం అంచు దాకా అన్నీ కలిపితే తొమ్మిది వందల దాకా ఉంటాయని లెక్క. రోడ్డును వెడల్పు చేయడానికి వాటిని తీసేస్తారంటే ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి కొట్లాడారు. చెట్టుకొక నంబరు, చెట్టుకొక పోరాటం. బస్సు ఆ నీడలోంచి పోతుంటే ఒంటికే తెలుస్తుంది, ఎండ కాస్త తగ్గినట్టు, ఇంజను గోల కాస్త మెత్తబడినట్టు. ఈ మర్రిచెట్టు మాట మళ్లీ వస్తుంది. గోలకొండలో దానికి వేరే హోదా.

లంగర్‌హౌజ్‌లో తోపుడుబండ్ల మీద సీతాఫలాల గుట్టలు. నగరం పడమటి గుమ్మం ఇది. మా వైపు నుంచి వచ్చే కూరగాయలు, పూలు, మనుషులు అందరూ ఇక్కడే మొదట దిగుతారు. మూసీ కూడా మావైపు నుంచే వస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, గండిపేటలో ఆగి, కోటకు దక్షిణంగా పారి నగరంలోకి పోతుంది. మా దగ్గర సన్నటి వాగు. ఇక్కడికొచ్చేసరికి దానికి పేరూ వాసనా రెండూ పెరుగుతాయి.

ఫతే దర్వాజా దగ్గర ఆగి నిలబడితేనే గోడ ఎంతదో తెలుస్తుంది. తలుపులు టేకువి. మనిషి తల కన్నా ఎత్తు నుంచి ఇనుప శూలాలు పొడుచుకుని ఉంటాయి, ఏనుగుల చేత తలుపు బద్దలు కొట్టించకుండా. ఒక శూలాన్ని దగ్గరగా చూశాను. మొన తుప్పు పట్టి మొద్దుబారింది. మొదలు దగ్గర ఒక సాలీడు గూడు, గూట్లో ఒక బస్సు టికెట్టు ముక్క. శూలాల కింది కర్ర మాత్రం వచ్చేపోయే వాళ్ల చేతులు తగిలి తగిలి నున్నబడి నల్లగా మెరుస్తోంది. ఆ తలుపు పక్కనుంచే ఆటోలు, స్కూటర్లు, బడి పిల్లల వ్యాను, గొర్రెల మంద. అవతలి నుంచి పాలవ్యాను వస్తే ఇవతలివాళ్లు ఆగాలి. పోలీసు లేడు, సిగ్నలు లేదు. ఒకరు చెయ్యెత్తితే ఇంకొకరు ఆగుతున్నారు. హారన్ కొట్టేవాడు కొత్తవాడని తెలిసిపోతుంది.

ఈ గోడకు ముందు ఇక్కడ మట్టికోట ఉండేది. కాకతీయుల ఏలుబడిలోది. 1363లో ముసునూరి కాపయ నాయకుడు బహమనీ సుల్తానుతో సంధి చేసుకుని గోలకొండను వదులుకున్నాడు. ఆ తర్వాత బహమనీలు బలహీనపడి సుల్తాన్ కులీ చేతికి ఈ ప్రాంతం వచ్చింది, 1518 నుంచి కుతుబ్‌షాహీల లెక్క మొదలవుతుంది. మట్టి పోయి రాయి వచ్చింది వాళ్ల కాలంలోనే. బయటి ప్రాకారానికి ఇప్పుడున్న రూపం చాలావరకు 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా చలవ. మన కవులు ముద్దుగా మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఆయన. చుట్టుకొలత ఏడు కిలోమీటర్ల పైన, బురుజులు 87, దర్వాజాలు 8 అని లెక్క చెబుతారు. మందం 17 అడుగుల నుంచి 34 అడుగుల దాకా.

అంకెలు పక్కనపెట్టి గోడను ముట్టుకుని చూశాను. ఫతే దర్వాజా నుంచి ఎడమకు తిరిగి కొంచెం నడిస్తే ఇళ్ల సందుల్లో గోడ అడుగు చేతికందుతుంది. కింది వరసలో రాళ్లు ఎడ్లబండి కన్నా పెద్దవి. కొన్నిచోట్ల అసలు రాయి పేర్చలేదు, భూమిలోంచి పొడుచుకొచ్చిన గుండునే గోడలో కలిపేసుకున్నారు. గుండు ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించడం కష్టం. ఒక గుండు మీద వరసగా చిన్న చిన్న గుంటలు కనిపించాయి, జానెడు దూరానికొకటి. మా ఊళ్లో వడ్డెరలు రాయి పగలగొట్టేటప్పుడు చూసినవే. గీత గీసి, గీత వెంట ఉలితో గుంటలు తవ్వి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టుకుంటూ పోతే రాయి చెప్పినచోట చీలుతుంది. ఇక్కడ గుంటలు తవ్వారు, చీలలు పెట్టలేదు. ఏ కబురు వచ్చి పని ఆపేశారో, ఇంకో రాయి బాగుందనుకున్నారో. మధ్యాహ్నం అన్నానికి లేచిన మనిషి తిరిగి రానట్టు ఉంది.

ఆ సందు చివర చాయ్ హోటలు. ఇరానీ చాయ్, సాసర్లో రెండు ఉస్మానియా బిస్కట్లు. నేను తెచ్చుకున్న జొన్నరొట్టె, పల్లీకారం కూడా విప్పాను. ఎదురు బల్ల మీద తెల్లగడ్డం పెద్దాయన నన్నూ రొట్టెనూ మార్చి మార్చి చూసి, "క్యా దేఖ్‌రే మియా ఉధర్? కిలా తో అందర్ హై" అన్నాడు. కోట లోపలుంటే గోడ దగ్గర ఏం పనయ్యా నీకు అని. గోడ చూడటానికే వచ్చానన్నాను. ఊరు అడిగాడు. నవాబుపేట అనగానే తెలుగులోకి మారాడు. "శంకర్‌పల్లి దిక్కు నవాబుపేటనా, జడ్చర్ల దిక్కు నవాబుపేటనా?" ఆ ఒక్క ప్రశ్నతో ఆయన ఎన్ని ఊళ్లు తిరిగాడో తెలిసిపోయింది. ఒకప్పుడు లారీ మీద తాండూరు బండలు తోలేవాడట. నా రొట్టె ముక్క ఒకటి తీసుకున్నాడు, తన దగ్గరున్న లుఖ్మీ సగం నాకు పెట్టాడు. డబ్బులు ఇవ్వబోతే కొట్టువాడు తీసుకోలేదు, పెద్దాయన ముందే కళ్లతో చెప్పేశాడు. మా వైపు కూడా చాయ్ పోస్తారు గానీ ఇంటి గురించి, కులం గురించి నాలుగు ప్రశ్నలు అయ్యాకే పోస్తారు. ఇక్కడ ఊరు పేరు చాలింది.

ఆయన కాళ్ల దగ్గర ఒక నల్లకుక్క పడుకుని ఉంది. "మా కోటకు కుక్కే చౌకీదార్" అన్నాడు నవ్వి. ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీఖాన్ చెప్పిన కథ. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు ఒక అర్ధరాత్రి మొగలు సైనికులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కేశారు. కాపలావాళ్లు నిద్రలో ఉన్నారు. గోడ మీద తిండి వెతుక్కుంటున్న ఊరకుక్క ఒకటి మొరగడం మొదలుపెట్టింది. దాంతో అందరూ లేచి ఎక్కినవాళ్లను కిందికి తోసేశారు. గోలకొండ రాజు తానాషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించి, బిరుదు ఇచ్చి, తన పక్కనే కట్టేయించుకున్నాడట. ఇదంతా నిజమేనా అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఓడినవాళ్ల కుక్కను గెలిచిన పక్షం చరిత్రకారుడు మెచ్చుకుని రాశాడంటే, ఆ గోడ మొగలులను ఎంత విసిగించిందో అర్థమవుతుంది.

నిజానికి ఎనిమిది నెలలు విసిగించింది. గోడ కింద సొరంగాలు తవ్వి మందు దట్టించారు. లోపలివాళ్లు అది పసిగట్టి ఎదురు తవ్వి మందు తీసేశారు, తడిపేశారు. అంటించినప్పుడు పేలుడు వెనక్కి తన్ని మొగలు సైన్యం మీదే రాళ్ల వాన కురిసింది. ఆ ఏడు కరువు, ఆపైన వరదలు, రోగాలు. అప్పుడు ఔరంగజేబు చేసిన పని నాకు అన్నిటికన్నా విచిత్రంగా కనిపిస్తుంది. గోలకొండ గోడ చుట్టూ మరో గోడ కట్టించాడు, కర్రతో, మట్టితో. దానికి గుమ్మాలు పెట్టి, చీటీ లేనిదే ఎవరినీ రానీయకుండా పోనీయకుండా కాపలా పెట్టాడు. గోడను బద్దలు కొట్టలేనివాడు గోడకు గోడ కట్టాడు. రాతిగోడ ఇప్పటికీ ఉంది. ఆ మట్టిగోడ ఆనవాలు కూడా లేదు.

చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి ఫిరంగులు చేయలేని పనిని లంచం చేసింది. అబ్దుల్లాఖాన్ పనీ అనే సర్దారు లోపలి నుంచి దర్వాజా తీయించాడు. తానాషా సేనాని అబ్దుర్రజాక్ లారీ గుర్రమెక్కి ఎదురుపోయి ఒళ్లంతా తూట్లు పడేదాకా కొట్లాడాడు. డెబ్బైకి పైగా గాయాలని రాశారు. బతికాడు. ఔరంగజేబే వైద్యులను పంపించాడు. తానాషాను దౌలతాబాద్ కోటకు తీసుకుపోయారు, మళ్లీ తిరిగి రాలేదు. గెలిచిన గుర్తుగా ఆ గుమ్మానికి ఫతే దర్వాజా అని పేరు. గోడ ఓడిపోలేదు గానీ గుమ్మం పేరు మాత్రం గెలిచినవాడిది అయిపోయింది.

గోడ గురించి ఆలోచిస్తే గుమ్మమే ముందు గుర్తుకు రావడం సహజం. రాజులకు గోడతో ఖర్చు, గుమ్మంతో రాబడి. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే, నగర ద్వారం దగ్గర కొత్తవాళ్లను వెతికే సంగతి రాశాడు. వజ్రాల కోసం కాదు, ఉప్పూ పొగాకూ ఉన్నాయేమోనని. రాజు గారి ఆదాయం వాటి మీదే. అంత వజ్రాల రాజ్యంలో చిటికెడు ఉప్పుకు జేబులు తడిమారంటే నవ్వొస్తుంది. ఇప్పుడు టోల్‌గేటు దగ్గర కారు ఆపినప్పుడు నాకు ఆ నవ్వు రాదు, అది వేరే విషయం.

చాయ్ హోటలు దాటాక గోడ ఇళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అది కనబడకపోయినా ఎక్కడుందో తెలుస్తుంది, పొద్దున ఎండ అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. ఒక ఇంటి ముందు ఒక అవ్వ మంచం మీద ఒడియాలు పెట్టుకుంటోంది. "యాడికెల్లి వచ్చినవ్ బిడ్డా?" అంది. చెప్పాను. ఫొటోలు తీస్తున్నానని ఆఫీసు మనిషిననుకుంది. కాదని తెలిశాక గట్టిగానే మొదలుపెట్టింది. "గోడకు మేకు కొట్టద్దంటరు, సున్నమెయ్యద్దంటరు. మా అత్త కాలంల వేసిన రేకులు, మార్చుదామంటే పర్మిషన్ అంటరు. గోడ వాళ్లదే, మేం కాదంటలేం. మరి మేమెవ్వరి వాళ్లం?" ఆమె తలకాయ మీదుగా నీలంరంగు బోర్డు కనిపిస్తోంది. రక్షిత కట్టడం అని, పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని. చట్టం 1958 నాటిది. 2010లో సవరించినప్పుడు కట్టడం చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు వద్దన్నారు, ఆ పైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతితోనే అన్నారు. కాగితం మీద ఇది చక్కటి ఏర్పాటు. ఈ చట్టమే లేకపోతే ఈ గోడ రాళ్లు ఏ పునాదుల్లో ఉండేవో ఊహించుకోవచ్చు. కాకపోతే దేశం మొత్తం గర్వపడే గోడ బరువు అంతా దాని నీడలో ఉన్న రేకుల ఇళ్ల మీద పడటం న్యాయంగా అనిపించదు.

అవ్వ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఆషాఢంలో రమ్మంది. జంటనగరాల్లో బోనాలు మొదలయ్యేది ఇక్కడే, కోటలోని జగదాంబ అమ్మవారి దగ్గర. లంగర్‌హౌజ్ నుంచి తొట్టెలు ఊరేగింపుగా లేస్తాయి, ఫతే దర్వాజా కింద నుంచే లోపలికి వస్తాయి. ఏనుగులను ఆపడానికి పెట్టిన శూలాల పక్కనుంచి పోతరాజు కొరడా తిప్పుకుంటూ పోతాడన్నమాట. "ఆ పొద్దు సాయిబుల పోరలే మాకు దారి ఇడిపిస్తరు, నీళ్లు పోస్తరు" అంది. నాతో చాయ్ తాగిన పెద్దాయన కూడా ఇదే చెప్పాడు, ఇంకో వైపు నుంచి.

ఇక మర్రిచెట్టు. కొంచెం ముందుకు పోయాక ఒక బురుజు పైన రావిమొక్క, దాని పక్కన మర్రి. వేళ్లు రాళ్ల సందుల్లోంచి వేలాడుతూ కిందికి దిగాయి. ఒకచోట వేరు బొటనవేలంత లావుండి, మనిషి ఎత్తలేని రాయిని పక్కకు రెండంగుళాలు జరిపింది. కింద నిలబడి చూస్తే ఆ రాయి బయటికి తొంగి చూస్తున్నట్టుంది. పిట్ట వేసిన గింజ చేసిన పని ఇది. ఔరంగజేబు సొరంగాల కన్నా దీనికే ఓపిక ఎక్కువ. కోటను చూసుకునేవాళ్లు ఏటా మొక్కలు కొట్టేస్తారు, అవి ఏటా వస్తాయి. పొద్దున్నే నేను దాటి వచ్చిన దారిలో ఇదే మర్రి కోసం జనం కోర్టుకెక్కారు. ఇక్కడ ఇదే మర్రికి మరణశిక్ష. రెండుచోట్లా కాపాడుకోవడం పేరుతోనే. రెండూ సరైనవే అనిపిస్తుంది నాకు. ఏది ఎక్కడ మొలిచిందన్నదే తేడా. అయినా నరికిన కొమ్మలు గోడ కింద ఎండిపోయి పడి ఉంటే, చేవెళ్ల నీడలోంచి వచ్చినవాడికి చూడబుద్ధి కాదు.

నయాఖిలా వైపు తిరిగేసరికి ఎండ ముదిరింది. 1656లో ఔరంగజేబు యువరాజుగా ఉన్నప్పుడే ఒకసారి గోలకొండ మీదికి వచ్చాడు. అప్పటి రాజు అబ్దుల్లా కుతుబ్‌షా పిల్లనిచ్చి, డబ్బిచ్చి గండం గట్టెక్కాడు. గోడ బయట ఉన్న ఒక మిట్ట మీద ఫిరంగులు ఎక్కిస్తే లోపల కొంప కొల్లేరవుతుందని ఆ దెబ్బతో తెలిసొచ్చింది. దాంతో ఆ మిట్టను కూడా లోపలికి తీసుకుంటూ గోడను ముందుకు లాగారు. అదే నయాఖిలా, అంటే కొత్తకోట. అంత కొత్తదీ కాదు, మూడున్నర శతాబ్దాలది. అదే ముట్టడిలో మీర్ మీరాన్ అనే మొగలు సేనాని కోట మీది గుండు తగిలి పోయాడు. ఆ తర్వాత కుతుబ్‌షాహీ సేనాని మూసాఖాన్ పర్యవేక్షణలో బురుజొకటి లేచింది, దాని పేరు మూసా బురుజు. కట్టిన మేస్త్రి పేరు ధర్మాచారి. ఆ పేరు శాసనానికి ఎక్కింది, 1666 నాటిది. ఏడు కిలోమీటర్ల గోడలో రాజులవీ సర్దారులవీ ఎన్నో పేర్లు. రాయి పేర్చినవాడి పేరు దొరకడం మాత్రం అరుదు. నేను ఆ గుంటల రాయి దగ్గర వెతుక్కున్న మనిషి ఇలాంటివాడి చేతికిందే పనిచేసి ఉంటాడు.

కొత్తకోటలో ఇప్పుడు చాలాభాగం గోల్ఫ్ మైదానం. పచ్చటి గడ్డి, తెల్లటి బంతులు, వెనక నల్లటి బురుజులు. ఒకప్పుడు తోటలు, కాలువలు ఉన్న చోటు కాబట్టి పచ్చదనం కొత్తేం కాదు అని సర్దిచెప్పుకోవచ్చు, నాకైతే సర్దుకోలేదు. అక్కడే హాథియాన్ కా ఝాడ్ ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ చెట్టు, నాలుగు వందల ఏళ్లదని చెబుతారు. మొదలు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడాలంటే చిన్న బడి మొత్తం కావాలి. బెరడు నిజంగానే ఏనుగు చర్మంలా ముడతలు పడి ఉంటుంది. కాండం నడుమ తొర్రలో మనుషులు దూరి కూర్చునేంత చోటు. ఈ చెట్టును ఎవరూ నరకరు. ఇది గోడ మీద మొలవలేదు కదా.

ఆ పక్కనే గోడ తొమ్మిది మొగ్గలుగా ఉబ్బి తిరిగిన బురుజు ఉంది. ఎటు నుంచి వచ్చినా ఏదో ఒక మొగ్గ మీది తుపాకీ చూపు తప్పించుకోలేని లెక్క అది. కోట కట్టినవాళ్లలో జామెట్రీ ఎరిగినవాళ్లు ఉన్నారు. 2020 అక్టోబరులో నగరాన్ని ముంచిన వానలకు ఈ వైపే మజ్నూ బురుజు కొంత కూలింది. గోడ లోపల నడుమభాగం రాయి కాదు, మట్టీ గులకరాళ్లూ కూరిన గర్భం. పైన పగుళ్లలోంచి నీళ్లు దిగి, లోపల నానబెట్టి, బయటికి దొబ్బుతాయి. దాన్ని మళ్లీ కట్టడానికి సిమెంటు పనికిరాదు. సిమెంటు బిగుసుకుంటుంది, నీటిని బయటికి పోనీయదు. డంగు సున్నమే కావాలి. సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి రుబ్బి, రోజుల తరబడి మాగబెట్టి వాడే గచ్చు. మా నాయనమ్మ వాళ్ల ఇల్లు డంగు సున్నంతోనే కట్టారు. అది కూల్చేటప్పుడు గడ్డపార విరిగింది. ఇప్పుడు డంగు సున్నం పని తెలిసిన మేస్త్రిని మా వైపు వెతికినా దొరకడు. మా గోడలు వచ్చేది ఫ్యాక్టరీ నుంచి కదా.

అన్ని గోడలకూ ఈ భాగ్యం దక్కలేదు. హైదరాబాదు నగరానికీ ఒక ప్రాకారం ఉండేది. మొగలు సుబేదారు ముబారిజ్‌ఖాన్ మొదలుపెట్టాడు, 1724లో అతన్ని యుద్ధంలో ఓడించిన మొదటి నిజాం పూర్తిచేశాడు. 1908 సెప్టెంబరులో మా అనంతగిరి నుంచే దిగిన మూసీ పోటెత్తి ఊరినీ గోడనూ కలిపి ఊడ్చింది. మిగిలినదాన్ని రోడ్ల కోసం మనమే తీసేశాం. దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా రెండే మిగిలాయి. వరంగల్‌లో ఇంకో తీరు. రాతికోట బయట కాకతీయుల మట్టికోట ఉంది. ఈటె దూరనంత గట్టి మట్టి అని అమీర్ ఖుస్రో మెచ్చుకున్న గోడ అది. దాని మీద ఇప్పుడు ఇళ్లు ఎక్కుతున్నాయి. మట్టిని గోడగా గుర్తుపట్టడం జనానికి కష్టం, దిబ్బ అనుకుంటారు. గోలకొండ గోడ నిలిచిందంటే రాయి కావడం ఒక్కటే కారణం కాదు. గోడలోపలి ఊరు ఎప్పుడూ ఖాళీ కాలేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది, రాజ్యం పోయింది, నిజాములూ పోయారు, బడాబజారులో మాత్రం పొద్దున్నే కొట్లు తెరుస్తూనే ఉన్నారు.

బంజారా దర్వాజా దగ్గరికి వచ్చేసరికి అక్కడ వాహనాల వరస ఫతే దర్వాజా కన్నా పెద్దది. అవతల కుతుబ్‌షాహీ సమాధులు, వాటి గుమ్మటాల మీద సిమెంటు గీకేసి మళ్లీ సున్నం పూసిన తెలుపు ఇక్కడి నుంచే కనిపిస్తుంది. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2013లో మొదలుపెట్టి పదేళ్లకు పైగా చేసిన పని. ఇంకా పడమరకు పోతే పటాన్‌చెరు దర్వాజా. ఆ పేరు వింటే తెలుగు చదువుకున్నవాళ్లకు అమీన్‌ఖాన్ గుర్తుకొస్తాడు. పటాన్‌చెరు పాలకుడు, పొన్నగంటి తెలగనార్యుడి యయాతి చరిత్రకు కృతిభర్త. ఒక్క సంస్కృత పదమైనా లేకుండా రాయాలని పంతం పట్టిన తొలి అచ్చతెనుగు కావ్యం ఒక సాయిబు చేతికి అంకితమైంది. ఆ సాయిబు గోలకొండకు వచ్చిపోయిన దారి ఇదే అయి ఉండాలి. ఇప్పుడు ఆ దర్వాజా వైపు జనసంచారం తక్కువ. మేకలు కాసే పిల్లవాడొకడు గుమ్మం నీడలో వీడియో గేమ్ ఆడుతూ, నేను అడగకుండానే, "అంకుల్, అటు పాములుంటయ్" అని హెచ్చరించి మళ్లీ ఫోన్లోకి పోయాడు.

తిరుగుదారిలో లంగర్‌హౌజ్‌లో బస్సెక్కాక పక్క సీట్లో చేవెళ్ల రైతు. ఖాళీ పూలబుట్టలు కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. గుడిమల్కాపూర్ మార్కెట్లో చామంతి అమ్ముకుని వస్తున్నాడు, కార్తీకం కాబట్టి రేటు పలికిందని సంతోషంగా ఉన్నాడు. ఎక్కడికి పోయొస్తున్నవన్నా అని అడిగితే గోడ సంగతి చెప్పాను. ఆయనకు బురుజులు, రాజులు పట్టలేదు.

"మందం ఎంతుంటదే?"

"తక్కువలో తక్కువ పదిహేడు అడుగులట."

"పొడుగు?"

"ఏడు కిలోమీటర్ల పైనే."

కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో కొలిచాడు. బస్సు మొయినాబాద్ దాటేదాకా లెక్క సాగింది. "దగ్గర దగ్గర తొమ్మిదెకరాలు పోయింది చూడు గోడ కిందికే" అన్నాడు చివరికి, రాజు మీద జాలితో. ఆ తర్వాత గొంతు తగ్గించి తన గోడు మొదలుపెట్టాడు. పక్క చేను కొన్న పట్నపాయన మొన్న సిమెంటు పలకల గోడ దింపుతూ రెండడుగులు ఈయన వైపు జరిపాడట. ఒక్క పొద్దులో అయిపోయిందట. రేపు సర్వేయరు గొలుసు పట్టుకుని వస్తున్నాడు, ఊళ్లో పెద్దమనుషులను కూడా ఈయన పిలిచాడు, కర్చులకు చామంతి డబ్బులు పక్కన పెట్టాడు.